వెండితెర వస్తువుల కాపరి

సినిమా చూచి యింటికి వచ్చినవారికి కథ జ్ఞాపకముండును, పాట జ్ఞాపకముండును, కథానాయిక ధరించిన దుస్తుల రంగు సైతము కొన్నాళ్లు కన్నులలో మెదలుచుండును. కాని చిత్రము ముగిసిన పిమ్మట ఆ దుస్తులేమైనవని యడుగువారు అరుదు. మన పల్లెలలో పౌరాణిక నాటకము లాడు సమాజములవారు కిరీటములను, భుజకీర్తులను, గదలను పెద్ద పెట్టెలో సర్దుకొని, బండిమీద ఊరూరికి మోసికొనిపోవుట పెద్దలెరుగుదురు. ఆ పెట్టెయే వారి ఆస్తి. అమెరికాలో హాలీవుడ్డు చిత్రనిర్మాణ సంస్థలకును ఇట్టి ఆస్తి యుండెడిది. అయితే అది పెట్టెలలో పట్టునది కాదు. మేడలకు మేడలు నిండియుండెడిది. ఒకనాడు ఆ మేడలను ఖాళీచేసి సరుకంతయు వేలము వేసినప్పుడు, తన సంపాదన నొడ్డి దానిని కాపాడుటకు నడుము కట్టిన నటి డెబ్బీ రేనాల్డ్స్.

ఆమె 1932వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన టెక్సాస్ రాష్ట్రమందలి ఎల్ పాసో నగరమున జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు మేరీ ఫ్రాన్సిస్. తండ్రి రైల్వేలో వడ్రంగి. తల్లి ఇతరుల బట్టలు ఉదికి సంసారమునకు తోడ్పడెడిది. దైవభక్తి మెండుగాగల ఆ యింట సినిమాలయెడ గౌరవము తక్కువ. 1939లో వారి కుటుంబము కాలిఫోర్నియాలోని బర్బాంక్ పట్టణమునకు తరలిపోయెను. ఆ పట్టణము చిత్రనిర్మాణమునకు పేరుపొందినదే. అయినను ఆ బాలికకు నటి కావలెనను కోరిక లేదు. గరల్ స్కౌటు దళములో చేరి ఉత్సాహముగా తిరుగుచు, వ్యాయామోపాధ్యాయిని కావలెనని తలచుచుండెను.

1948లో, పదునారేండ్ల ప్రాయమున, 'మిస్ బర్బాంక్' పోటీలో పాల్గొని, అప్పటి ప్రసిద్ధ నటి బెట్టీ హట్టన్‌ను అనుకరించి చూపి గెలుపొందెను. చూడవచ్చిన వారిలో వార్నర్ బ్రదర్స్, ఎం.జి.ఎం. అను రెండు పెద్ద సంస్థల ప్రతినిధులుండిరి. ఈ పిల్లను ఎవరు తీసికొనవలెనని వారు నాణెము నెగురవేసి నిర్ణయించుకొనిరట! వార్నర్ వారు గెలిచిరి. 'డెబ్బీ' యను పేరు ఆ సంస్థాధిపతి జాక్ వార్నర్ పెట్టినదే. అచ్చట చిన్న వేషములే దక్కినవి. పిమ్మట ఆమె ఎం.జి.ఎం. సంస్థలో చేరెను.

1952లో విడుదలైన 'సింగిన్ ఇన్ ది రెయిన్' చిత్రము ఆమె దశను మార్చినది. నృత్యమున ఉద్దండులైన జీన్ కెల్లీ, డానల్డ్ ఓకానర్‌ల సరసన ఆమెను నిలిపిరి. ఆమెకు నృత్యము రాదు; నేర్చుకొనుటకు దొరికినవి కొలది మాసములు మాత్రమే. ఒకనాడు అలసి పియానో క్రింద కూర్చుండి యేడ్చుచుండగా, మహానర్తకుడు ఫ్రెడ్ ఆస్టేర్ ఆమెను చూచి, తన అభ్యాసమును దగ్గర నుండి చూడనిచ్చెనట. ఎంతటివారికైనను నృత్యము చెమటోడ్చిన గాని రాదని ఆమెకు అప్పుడు తెలిసెను. ఆ చిత్రమందలి 'గుడ్ మార్నింగ్' పాటను ఉదయము మొదలుపెట్టి రాత్రి ప్రొద్దుపోవువరకు చిత్రీకరించిరి. ముగియునప్పటికి ఆమె పాదములు నెత్తురోడుచుండెను. తెరమీద మాత్రము నవ్వుచున్న పిల్లయే కనిపించును.

తరువాత పదునైదేండ్లు ఆమెకు తీరిక లేదు. 1964లో వచ్చిన 'ది అన్‌సింకబుల్ మోలీ బ్రౌన్' చిత్రమునకు ఆస్కారు బహుమానపు పరిశీలనలో ఉత్తమనటిగా ఆమె పేరు చేరెను. టైటానిక్ ఓడ ప్రమాదమున బ్రతికి బయటపడిన స్త్రీ కథ యది. 'మునుగనిది' యను ఆ బిరుదును ఆమె కడవరకు తన పేరునకు తగిలించుకొన్నది. గృహజీవితము మాత్రము నలగినది. మొదటి భర్త గాయకుడు ఎడ్డీ ఫిషర్. కుమార్తె కేరీ, కుమారుడు టాడ్ కలిగిన పిమ్మట 1959లో ఆ వివాహము విచ్ఛిన్నమయ్యెను. రెండవ భర్త పాదరక్షల వ్యాపారి. అతని జూదము వలన ఆమె యార్జించినదంతయు కరగిపోయెను. ఇంతకంటె ఆ ప్రసంగము మనకు వలదు.

ఆమె పట్టుదలకు ఒక నిదర్శనము చెప్పవలెను. 1969లో టెలివిజనులో ఆమె పేర వారమువారము ఒక కార్యక్రమము మొదలయ్యెను. అందు సిగరెట్ల ప్రకటన రాకూడదని ఆమె ముందే కోరియుండెను. అయినను ఆ ప్రకటన ప్రసారమయ్యెను. ఆమె గట్టిగా నిరసించి, ఆ యేటితోనే కార్యక్రమమును విడిచిపెట్టెను. దానివలన పెద్ద రాబడి పోయినను లెక్కచేయలేదు.

ఇక అసలు విషయము. ఆనాటి పెద్ద స్టూడియోలలో వస్త్రాగారమనునది ఒక ప్రత్యేక శాఖ. దర్జీలు, కసీదా పనివారు, టోపీలు చేయువారు, చర్మకారులు వందలకొలది అందు పనిచేయుచుండిరి. ఒక చిత్రమునకు కుట్టిన గౌను ఆ చిత్రముతో విశ్రాంతి నొందదు. చేతులు కత్తిరించి, రంగు మార్చి, అంచు కుట్టి మరియొక నటికి తొడుగుదురు. లోపల కుట్టిన చిన్న గుడ్డముక్కపై నటి పేరును, చిత్రపు సంఖ్యను వ్రాయుదురు. నేడు ఆ గుడ్డముక్కయే ఆ దుస్తుల జన్మపత్రిక. అది లేనిచో ఎవరు తొడిగినదియు తేల్చి చెప్పుట కష్టము.

టెలివిజను వచ్చి థియేటర్లకు పోవువారు తగ్గగా స్టూడియోలు నష్టపడినవి. 1969లో కిర్క్ కెర్కోరియన్ అను ధనికుడు ఎం.జి.ఎం.ను చేజిక్కించుకొనెను. క్రొత్త యజమానులు పాతబట్టలను, సామగ్రిని దండుగ బరువుగా భావించి, సుమారు 15 లక్షల డాలర్లకు ఒక వేలము సంస్థకు విక్రయించిరి. ఆ సంస్థ 1970 మే నెలలో పదునెనిమిది దినములు వేలము సాగించెను. రథములు, ఓడలు, ఖడ్గములు, సింహాసనములు, రాణివాసపు వస్త్రములు చెల్లాచెదరై పోయెను. 1939 నాటి 'విజార్డ్ ఆఫ్ ఓజ్' చిత్రమున జూడీ గార్లండ్ తొడిగిన కెంపురంగు పాదరక్షల జత ఒకటి 15,000 డాలర్లు పలికినది. ఆనాడు అది వింతధర. ఆ జత 1979లో స్మిత్‌సోనియన్ సంస్థకు కానుకగా చేరినది. అదే చిత్రపు మరియొక జత 2024 డిసెంబరులో 2 కోట్ల 80 లక్షల డాలర్లు పలికెను, రుసుములు వేరు. దండుగ బరువని అమ్మివేసిన వస్తువులివి!

డెబ్బీ ఆ వేలమున దినదినము కూర్చుండి కొనెను. చేతి డబ్బు చాలక అప్పు చేసెను. మరుసటి యేట ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ సంస్థ వేలము వేసినప్పుడును అట్లే చేసెను. గాలికి ఎగయు తెల్లని గౌనును మీరు పటములలో చూచియుందురు. 1955 నాటి 'సెవెన్ ఇయర్ ఇచ్' చిత్రమున మార్లిన్ మన్రో ధరించినది. అది ఈమె కడకు చేరెను. 'మై ఫెయిర్ లేడీ'లో ఆడ్రీ హెప్‌బర్న్ గుఱ్ఱపు పందెముల దృశ్యమున ధరించిన నలుపు తెలుపు గౌను, 'క్లియోపాత్రా'లో ఎలిజబెత్ టేలర్ ఆభరణములు, చార్లీ చాప్లిన్ టోపీ కూడ క్రమముగా చేరినవి. టేలర్ ఎవరో యెరిగినవారికి ఇందొక విశేషము తోచును. ఎడ్డీ ఫిషర్ ఈమెను విడిచి పెండ్లాడినది ఆ టేలర్‌నే. అయినను నటిగా ఆమె ధరించినదానిని డెబ్బీ పదిలపరచెను. కడకు వారిరువురు స్నేహితులే యైరి. మూడువేల అయిదువందలకు పైగా దుస్తులు ఆమె కడ చేరెనని చెప్పుదురు.

కొనుట ఒక యెత్తు; నిలుపుట మరియొక యెత్తు. పట్టు వెలుతురులో వెలిసిపోవును. తేమ తగిలినచో బూజు పట్టును. చెమట మరకలు ఏండ్లు గడచిన కొలది గుడ్డను తినివేయును. పూసలు కుట్టిన బరువైన గౌనును వ్రేలాడదీసినచో దాని బరువునకే భుజములు చినుగును. కావున దానిని పరుండబెట్టి, మడతలలో మెత్తని కాగితము నింపవలెను. మన్రో తెల్లగౌను సైతము కాలక్రమమున దంతపు వన్నెకు తిరిగెను. వీనికన్నిటికి చల్లని గదులు, పనివారు, భీమా, అద్దె కావలెను. నెలనెలా పెరుగు ఈ ఖర్చును ఒక నటి తన పాటకచేరీల రాబడితో భరించుచుండెను. ఏడాదిలో అధికభాగము ఊరూరు తిరిగి ప్రదర్శనములిచ్చుట ఇందుకొక కారణము. 1979లో ఉత్తర హాలీవుడ్డున నృత్యశిక్షణశాల నెలకొల్పెను. 1983లో వ్యాయామపు వీడియో నొకదానిని వెలువరించెను.

ఆమె కోరినది ఒక్కటి, ప్రదర్శనశాల. పలుమారు ఆస్కారు బహుమానముల నొసగు అకాడమీని ఆశ్రయించి, ఈ సంపదకు చోటిమ్మని యడిగితిననియు, ఫలితము లేకపోయెననియు ఆమె చెప్పుకొన్నది. కడకు తానే యుపక్రమించెను. 1992లో లాస్ వేగాస్ నగరమున నొక హోటలును వేలములో సుమారు 22 లక్షల డాలర్లకు కొని, బాగుచేయించి, మరుసటి యేట తన పేర తెరచెను. హోటలు రాబడితో ప్రదర్శనశాల నిలుచునని ఆమె లెక్క. ప్రదర్శనశాల 1995లో తెరచిరి. హోటలులోని రంగస్థలముపై తానే పాడి, ఆడి, అతిథులతో ఫోటోలు దిగుచుండెను.

లెక్క తప్పినది. ఆమె హోటలులోని గదులు కొలది వందలు. నడిబజారునకు కొంత ఎడముగా నుండెను. అదే 1993లో ఆ నగరమున అయిదువేలకు మించిన గదులతో 'ఎం.జి.ఎం. గ్రాండ్' హోటలు వెలసెను. దాని యధిపతి ఎవరనుకొన్నారు? స్టూడియో సామగ్రిని అమ్మించిన ఆ కెర్కోరియనే! ఎం.జి.ఎం. పేరు అతని హోటలుకు మకుటమైనది, ఎం.జి.ఎం. వస్తువులు ఈమె హోటలులో నుండెను. పోటీకి నిలువలేక, చాలినంత పెట్టుబడి లేక ఆమె హోటలు 1997లో దివాలా తీసెను. మరుసటి యేట దానిని వేలమున అమ్మిరి. మంచి నటికి మంచి వ్యాపారలక్షణము లుండవలెనని నియమము లేదు. అయితే ఆమె లాభమునకై హోటలు పెట్టలేదు. ఆ విషయము మరచి ఆమెను తప్పుపట్టుట న్యాయము కాదు.

పిమ్మట హాలీవుడ్డులోనొకచోట, టెనెసీ రాష్ట్రమందలి పిజన్ ఫోర్జ్‌లో మరియొకచోట ప్రదర్శనశాలకై చేసిన యత్నములును ఫలింపలేదు. అప్పులు పెరిగినవి. డెబ్బదితొమ్మిదవ యేట, 2011 జూన్ 18వ తేదీన, బెవర్లీ హిల్స్‌లో తన వస్తువులను వేలమునకు పెట్టుట ఆమెకు తప్పలేదు. పది నుండి ఇరువది లక్షలు వచ్చునని వేలముదారులంచనా వేసిన మన్రో తెల్లగౌను 46 లక్షల డాలర్లకు పోయెను. హెప్‌బర్న్ గౌను 37 లక్షలు పలికెను. అన్నియు కలిసి ఆనాటి యమ్మకము రెండు కోట్ల డాలర్లు మించినది. సభలోనే యున్న డెబ్బీ కన్నీరు పెట్టుకొనెను. ఆ నీటిలో ఋణవిముక్తి యెంతయో, వియోగమెంతయో చెప్పజాలము. మిగిలిన వస్తువులకై అదే డిసెంబరులోను, 2014లోను మరల వేలములు జరిగినవి. నలువదేండ్లు ఒక్కచోట నిలిచిన సంపద ఎవరెవరి యిండ్లకో చేరినది.

2015లో అకాడమీ ఆమె ధర్మకార్యములను మెచ్చి జీన్ హెర్షోల్ట్ పురస్కారము నొసగెను. మానసిక వ్యాధిగ్రస్తులకై ఆమె తొలినాళ్లనుండి సాగించిన సేవ ఇందుకు కారణము. అనారోగ్యము వలన ఆమె సభకు పోలేదు. మనుమరాలు దానిని స్వీకరించినది. 2016 డిసెంబరు 27వ తేదీన 'స్టార్ వార్స్' నటియైన కుమార్తె కేరీ మరణించెను. మరునాడే, ఎనుబదినాలుగవ యేట, తల్లియు కన్ను మూసెను.

లాస్ ఏంజలెస్‌లో అకాడమీ వారి చలనచిత్ర ప్రదర్శనశాల 2021 సెప్టెంబరు 30వ తేదీన తెరచిరి. 'విజార్డ్ ఆఫ్ ఓజ్' కెంపు పాదరక్షలలో ఒక జతను దాతల సాయముతో 2012లోనే దానికై కొనియుంచిరి. పాతబడిన వస్త్రములను, సామగ్రిని బాగుచేసి నిలుపుటకు అందొక పరిరక్షణశాల కలదు. దానికి డెబ్బీ రేనాల్డ్స్ పేరు పెట్టిరి.