నడుం నొప్పి: ఆపరేషన్ ఎవరికి?

గుడివాడ మాగాణుల్లోనూ దివిసీమ లంకల్లోనూ ఊడ్పుల కాలం వస్తే, స్త్రీలు దమ్ము చేసిన మడిలోకి దిగి, నడుము దగ్గర రెండుగా వంగి, ఎడమచేతిలో నారుకట్ట పట్టుకుని, కుడిచేత్తో రెండేసి మూడేసి మొక్కలు బురదలో గుచ్చుతూ, గట్టు చేరేదాకా వెనక్కి నడుస్తూనే ఉంటారు. ఈ భంగిమలో భారమంతా నడుము కింది భాగంలోని డిస్కుల మీద, అంటే వెన్నుపూసల మధ్య ఉండే, చుట్టూ గట్టి నారపొర, లోపల మెత్తని గుజ్జు గల బిళ్ళల మీద పడుతుంది. 1999లో జర్మనీ పరిశోధకులు ఒక వ్యక్తి డిస్కులో సన్నని పీడనమాపకాన్ని అమర్చి చూడగా, నిలబడినప్పుడు సుమారు 0.5 మెగాపాస్కల్ ఉన్న ఒత్తిడి ముందుకు వంగితే 1.1కి, నడుము వంచి 20 కిలోల బరువు ఎత్తితే 2.3కి పెరిగింది. డెల్టాలో ధాన్యం బస్తా 75 కిలోలు!

అయితే ఒత్తిడి పెరిగినంత మాత్రాన డిస్కు చెడినట్టు కాదు. నడుం నొప్పుల్లో అధికభాగానికి ఫలానా కారణమని వేలెత్తి చూపలేరు. అవి సాధారణంగా ఆరు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. ఈలోగా స్కానింగు తీయించుకున్నవారిని నివేదికలోని ‘డిస్కు అరిగింది’ అనే మాట భయపెడుతుంది గాని, ఏ నొప్పీ లేనివారి స్కానింగులను పరిశీలించిన 2015 నాటి ఒక సమీక్షలో, ఇరవై ఏళ్ళవారిలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్ళవారిలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. తల నెరిసినట్టే డిస్కూ అరుగుతుంది.

కాబట్టి మొదటి చికిత్స మంచం పట్టడం కాదు, ఓర్చుకోగలిగినంత కదలడం, నడవడం, నొప్పి తగ్గాక నడుము, పొట్ట కండరాలను బలపరిచే వ్యాయామం చేయడం. నొప్పి మాత్రలు కొద్దిరోజులకు పనికొస్తాయి. మందుల షాపులో అడిగి నెలల తరబడి మింగితే కడుపుకూ మూత్రపిండాలకూ చేటు. వంగే పని మానమనడం వైద్యుడికి తేలికే గాని, ఎకరానికింతని గుత్తకు ఊడ్చే ముఠాలో ఆ సలహా పాటిస్తే ఆ రోజు కూలి పోయినట్టే. గంటకోసారి నిటారుగా నిలిచి కాసేపు నడవడం మాత్రం ఏ మేస్త్రీ అయినా ఒప్పుకోదగినదే.

ఇక శస్త్రచికిత్స. డిస్కు గుజ్జు బయటికి జారి నరాన్ని నొక్కితే పిరుదు నుండి పాదం దాకా నొప్పి లాగుతుంది. దీనినే సయాటికా అంటారు. ఇందుకు ఆపరేషన్ చేయవచ్చునని 1934లో బోస్టన్ వైద్యులు మిక్స్‌టర్, బార్ లోకానికి చూపారు. నేడు సూక్ష్మదర్శిని సాయంతో చిన్న కోత పెట్టి, జారిన ముక్కను మాత్రమే తీసే మైక్రోడిసెక్టమీ వాడుకలో ఉంది. తీవ్రమైన సయాటికా రోగులపై నెదర్లాండ్స్‌లో జరిగి 2007లో వెలువడిన అధ్యయనంలో, వెంటనే ఆపరేషన్ చేయించుకోమన్నవారు త్వరగా తేరుకున్నా, ఏడాది తిరిగేసరికి ఆ వర్గంలోనూ, ఆగి చూడమన్న వర్గంలోనూ 95 శాతం మంది కోలుకున్నట్టు తేలింది. ఆగమన్నవారిలో 39 శాతం మందికి మాత్రం చివరికి ఆపరేషన్ అవసరమైంది. అంటే ఆపరేషన్ త్వరగా ఉపశమనమిచ్చేది కాలి నొప్పికే. నడుం నొప్పి ఒక్కటే ఉన్నవారు దాని మీద అంత ఆశ పెట్టుకోకూడదు. మరలు బిగించి పూసలను కలిపే ఫ్యూజన్ ఎముక విరిగినా, పూస జారి కుదురు తప్పినా తగినదే గాని, ఉత్త అరుగుదలకు చేస్తే, క్రమబద్ధమైన వ్యాయామ చికిత్స కంటే అదనంగా ఒనగూరేది స్వల్పమే. వృద్ధుల్లో వెన్నుకాలువ ఇరుకై, కాస్త దూరం నడవగానే కాళ్ళు బరువెక్కి, ముందుకు వంగితే సర్దుకునే జబ్బు వేరు. నడక బాగా కుంటుపడితే కాలువను వెడల్పు చేసే ఆపరేషన్ మేలు చేస్తుంది.

జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట ఎక్కువయ్యే నొప్పి కలిసి ఉంటే వెన్నుపూస క్షయను అనుమానించాలి. దానికి ప్రధానమైన వైద్యం నెలల తరబడి వాడే క్షయ మందులే. కాని మూత్రం రాక ఆగిపోయినా, మలమూత్ర ద్వారాల చుట్టూ తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా వారాలు ఆగే వీలు లేదు. మొదటి రెండింటిలో ఏ ఒక్కటి కనిపించినా, కోడూరులో ఉన్నా నాగాయలంకలో ఉన్నా, సూది మందుతో పొద్దు పుచ్చకుండా, ఎంఆర్ఐ, వెన్నెముక సర్జన్ రెండూ ఉన్న ఆసుపత్రికి ఆ రోజే చేరాలి.