పుస్తకము తెఱచినంతనే గుండెదడ

చదువు ముగిసినదని తలచి ఉద్యోగమున చేరినవారు మరల పుస్తకము పట్టవలసివచ్చు ఊరు కొండాపూర్. 1998లో పొరుగుననున్న మాదాపూరున సైబర్ టవర్స్ ప్రారంభమగు నాటికి చేలును, రాతిగుట్టలును ఎక్కువగా ఉండిన ఈ ప్రాంతము, పాతికేండ్లు తిరుగునప్పటికి అపార్టుమెంటులతోను, పీజీ హాస్టళ్ళతోను క్రిక్కిఱిసిపోయి, కొత్తగూడ చౌరస్తానుండి ఏ సందున నడచినను అర్ధరాత్రి దాటిన పిమ్మట గూడ కొన్ని కిటికీలలో దీపము వెలుగుచునే యుండు పేటగా మాఱినది. ఆ దీపము క్రింద కూర్చున్నది ఎప్‌సెట్‌కు సిద్ధమగుచున్న ఇంటర్ పిల్లవాడు కావచ్చును; ఉద్యోగము చేయుచునే గ్రూప్స్ పరీక్షకు చదువుచున్న యువతి కావచ్చును; లేక, ప్రాజెక్టు మాఱినది గనుక క్లౌడ్ సర్టిఫికేషన్ మూడు నెలలలో పూర్తి చేయవలెనని మేనేజరు చెప్పగా, కాలేజీ విడిచిన పదునైదేండ్లకు మరల నోట్సు వ్రాసికొనుచున్న గృహస్థు కావచ్చును. వీరిలో కొందఱకు పుస్తకము తెఱచినంతనే, పులి యెదురైనట్లు దేహమంతయు బెదరిపోవుచున్నది.

ఆ గృహస్థు సంగతియే చూతము. పిల్లలు నిద్రించినారు. ల్యాప్‌టాప్ తెఱచి మూడవ వాక్యమును నాలుగు మారులు చదివినాడు. అక్షరములు కంటికి కనబడుచున్నవే గాని అర్థము లోనికి దిగుట లేదు. పరీక్ష తప్పినచో ప్రాజెక్టు పోవునేమో, బెంచి మీద కూర్చుండబెట్టుదురేమో, ఇంటి ఈఎంఐ ఎట్లు గడచునో అను తలపులు ఒకదానిపై నొకటి వచ్చిపడినవి. ఇంతలో గుండె దడదడ కొట్టుకొనసాగెను, అరచేతులు చెమర్చెను, వ్రేళ్ళ కొసలు తిమ్మిరియెక్కెను, ఎంత పీల్చినను గాలి చాలనట్లయ్యెను. చేతి స్మార్ట్‌వాచిలో అంకె నూటయిరువది దాటినది. అది చూచిన తరువాత మఱింత పెరిగినది. భార్య లేచివచ్చి, "గ్యాస్ పట్టిందేమోనండీ, కొంచెం వాము నీళ్లు తాగండి" అన్నది. తగ్గలేదు. క్యాబు పిలిచి ఆసుపత్రికి పోయినారు. ఈసీజీ సవ్యముగానే యున్నది. డ్యూటీ డాక్టరు కాగితము చేతికిచ్చి, "ఏమీ లేదండీ, టెన్షన్ తగ్గించుకోండి" అని పంపివేసెను.

ఇట్టి రాత్రులు ఈ ప్రాంతమున అరుదు గావు. ఆ డాక్టరు చెప్పినది అసత్యము గాదు. గుండెకు నిజముగనే ఏమియు కాలేదు. ఛాతీనొప్పియు, ఆయాసమును మొదటి పర్యాయము వచ్చినప్పుడు, అందునను నలుబది దాటినవారికి, ఆసుపత్రికి పోవుటయే సరియైన పని. థైరాయిడు, రక్తహీనత వంటివి కారణము కావచ్చును గనుక ఆ పరీక్షలును చేయింపదగినవే. అయితే, చావు తప్పదని నమ్మి వచ్చిన మనుష్యునికి ఏమియు లేదని మాత్రము చెప్పి పంపినచో, అతడు జరిగినదేమో తెలియక, సిగ్గుతో ఇంటికి పోవును. మరునాడు పుస్తకము ముట్టుటకు చేయి రాదు.

జరిగినదానిని వివరించుటకు అయిదు నిమిషములు చాలును. ఆపద కలిగినపుడు పోరుటకో, పాఱిపోవుటకో దేహము సిద్ధపడునని హార్వర్డు శరీరశాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లోనే వ్రాసియున్నాడు. అడ్రినలిను రక్తమున కలియుటతో గుండె వేగముగా కొట్టుకొనును. ఊపిరి వడివడిగా ఆడును. పరుగెత్తువానికి ఆ ఊపిరి అక్కఱకు వచ్చును. కుర్చీలో కదలక కూర్చున్నవాడు అట్లు పీల్చినచో రక్తములోని కార్బన్ డయాక్సైడు మితిమీఱి తగ్గి, మెదడుకు పోవు రక్తనాళములు కొంత సంకోచించును; అందువలన తల తిరుగును, పెదవులును వ్రేళ్ళును తిమ్మిరి పట్టును, గది సమస్తము కలలో వలె తోచును. గాలి చాలలేదని తోచువాడు వాస్తవమునకు గాలి ఎక్కువగా పీల్చుచున్నాడన్నమాట. ఈ ఉద్రేకము సాధారణముగా పది నిమిషములలో పరాకాష్ఠ నందుకొని, పిమ్మట తనంత తానే దిగిపోవును. దీనినే నేడు అందఱును ప్యానిక్ అటాక్ అనుచున్నారు.

మన పూర్వులకు ఈ లక్షణములు తెలియనివి గావు. భగవద్గీత మొదటి అధ్యాయమున అర్జునుడు చెప్పుకొన్నదంతయు ఇదే: అవయవములు పట్టు తప్పుట, నోరెండుట, మేను వణకుట, గగుర్పాటు, చర్మము మండుట, గాండీవము చేజాఱుట, మనస్సు గిరగిర తిరుగుట. మనస్తత్వ చికిత్స అంతయు గీతలోనే యున్నదని వాదింపబోవుట లేదు. అట్టి వాదములు ఇప్పటికే చాలినన్ని గలవు. ఒక్క విషయము మాత్రము గమనింపదగినది. అర్జునుడు విల్లు పాఱవైచి చతికిలబడినను కృష్ణుడు రథమును వెనుకకు త్రిప్పలేదు; పదునెనిమిది అధ్యాయముల సంభాషణయు రెండు సేనల నడుమనే జరిగినది.

చదువరి విషయమున తప్పు జరుగుచున్నది సరిగా ఇక్కడనే. గుండెదడ పుట్టగానే అతడు పుస్తకము మూసివేయును. మూయగానే ప్రాణము కుదుటపడును. ఆ ఉపశమనము పుస్తకము మూసినందుననే కలిగినదని దేహము నేర్చుకొనును. మఱునాడు అట్ట చూడగనే దడ. వారము గడచునప్పటికి చదువుకొను బల్ల చూడగనే దడ. ఆక్స్‌ఫర్డు మనశ్శాస్త్రజ్ఞుడు డేవిడ్ క్లార్క్ 1986లో ప్రతిపాదించిన ప్రకారము, దేహములో కలిగిన చిన్న మార్పును గుండెపోటనియో, ఉన్మాదమనియో తప్పుగా అన్వయించుకొనుట వలన భయము హెచ్చును. భయము వలన ఆ మార్పు మఱింత హెచ్చును. స్మార్ట్‌వాచిని మాటిమాటికి చూచుకొనువాడు ఈ చక్రమును స్వహస్తములతో త్రిప్పుకొనుచున్నాడు. దానిని విప్పి బల్ల సొరుగులో వేయుట మొదటి చికిత్స యని నా అభిప్రాయము.

ఈ సంగతిని సామాన్యులకు అందఱికంటె తేటగా చెప్పినది క్లేర్ వీక్స్ అను ఆస్ట్రేలియా వైద్యురాలు. తొలుత ఆమె వైద్యురాలు గాదు. తొండజాతి ప్రాణులపై పరిశోధించి డాక్టరేటు పొందిన జంతుశాస్త్రజ్ఞురాలు. యౌవనమున క్షయ యని పొరపాటున నిర్ణయించి ఆమెను శానటోరియమునకు పంపగా, ఆ కాలమున ఆరంభమైన గుండెదడ విడువక పీడించెను. మొదటి ప్రపంచయుద్ధమునుండి తిరిగివచ్చిన మిత్రుడొకడు, కందకములలో తమకును గుండె అట్లే కొట్టుకొనెడిదనియు, అది భయమే గాని వేఱొకటి గాదనియు చెప్పిన పిమ్మట ఆమెకు దారి దొరకినది. 1962లో వెలువడిన తన గ్రంథమున ఆమె బోధించినది, భయమును ఎదుర్కొనుట, అంగీకరించుట, దానిపై తేలియాడుట, కాలమును గడువనిచ్చుట. పోరాడుమని ఎక్కడను చెప్పలేదు.

బల్ల యొద్ద దీనిని ఆచరించుట ఎట్లు? దడ మొదలైనప్పుడు లేచి టెఱ్ఱసుపైకి పోరాదు. పుస్తకమును తెఱచియే యుంచి, పాదములు నేలకానించి, వీపు కుర్చీకి చేరవేయవలెను. నాలుగు లెక్కించునంతలో ముక్కుతో పీల్చి, ఆఱు లెక్కించునంత నెమ్మదిగా విడువవలెను. ప్రయోజనమంతయు విడుచుటలోనే యున్నది. "వచ్చింది, పోతుంది" అని తనలో తాననుకొనవలెను. శాంతింపవలెనని తన్ను తాను తొందరపెట్టుకొనినచో అది మఱియొక పరీక్షయై కూర్చుండును. ఉద్ధృతి కొంచెము తగ్గిన పిమ్మట, పంక్తి క్రింద వ్రేలుంచి, ఒక్క పేరా పైకి చదువవలెను. ఆ తరువాత పుస్తకము మూసినను బాధ లేదు, ఏలయన భయము దిగుచుండగా మూసినందున దేహము వేఱొక పాఠము నేర్చును. మఱునాడు రెండు పేరాలు. పరీక్షకు ముందు పది నిమిషములు తమ భయములనే కాగితముపై వ్రాసిన విద్యార్థులు మెఱుగైన మార్కులు తెచ్చుకొనిరని 2011లో అమెరికాలో జరిగిన యొక పరిశోధన తెలిపినది. మనసులో తిరుగాడు ఆలోచన కాగితముపై దిగినచో, చదివినది నిలుచుటకు చోటు దొరకును గాబోలు.

నిద్ర మానుకొని, ఆఫీసు క్రింది టపరీలో గంటకొక చాయ్ త్రాగి చదువువారికి ఈ ఉపాయములన్నియు సగమే పనిచేయును, కెఫీను వలన పుట్టు దడయు, భయము వలన పుట్టు దడయు దేహమునకు ఒక్కతీరుగనే తోచును గనుక. రూమ్మేటు పర్సులోని ఆల్ప్రజోలం మాత్ర అడిగి వేసికొను అలవాటు అంతకంటె చెడ్డది. ఆ మందు అలవాటై కూర్చుండును. పదేపదే వచ్చు ప్యానిక్‌కు మంచి మందులును, మాటలతో చేయు చికిత్సయు కలవు. అవి సైకియాట్రిస్టు చేతిమీదుగా సాగవలెను.

ఇంటర్ పిల్లల సంగతి వేఱు. మాదాపూర్ అయ్యప్ప సొసైటీ హాస్టళ్ళలో ఉన్న పిల్లవానికి పుస్తకము మూయు స్వేచ్ఛయే లేదు. స్టడీ అవరులో వణకుచు కూర్చున్నవానితో వార్డెను "నాటకాలు చేయకు, చదువు" అనును. విశాఖపట్టణమున నీట్ శిక్షణ పొందుచున్న యొక బాలిక మరణమునకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న ఇచ్చిన తీర్పునందు, నూఱుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి సంస్థలోను అర్హతగల కౌన్సెలరు ఉండవలెననియు, మార్కులనుబట్టి బ్యాచీలుగా విడదీయరాదనియు ఆదేశించినది. మంచి తీర్పే. కాని రాత్రి పది గంటలకు పిల్లవాని ప్రక్కన ఉండునది వార్డెను గాని కౌన్సెలరు గాదు. ఆ వార్డెనుకు పై అయిదు నిమిషముల వివరణ తెలిసియుండవలెను. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేసినచో, రాత్రియైనను పగలైనను, రుసుము లేకయే తెలుగున మాటలాడవచ్చును. సెల్‌ఫోను నిషేధించిన హాస్టలున ఆ నంబరు వలన ప్రయోజనము కలుగవలెనన్నచో, వార్డెను తన ఫోను పిల్లవాని చేతికిచ్చి, తాను కాసేపు గది వెలుపల నిలువవలెను.