పవర్ మీటర్ అబద్ధమాడుతోందా?

పోయిన వారం 220 వాట్లతో ఎక్కిన గుట్టని, ఇవాళ అదే టైములో, అదే ఆయాసంతో ఎక్కితే మీటర్ 195 చూపించింది అనుకుందాం. చాలామంది ముందు తమ కాళ్లనే అనుమానిస్తారు. ఆ 25 వాట్లు వెనక్కి తెచ్చుకోవాలని ఇంకా గట్టిగా తొక్కి మోకాళ్ల మీదికి తెచ్చుకుంటారు. కాళ్ల కన్నా ముందు అనుమానించాల్సింది మీటర్‌ని.

దీనికి ల్యాబ్ అక్కర్లేదు, గుట్ట చాలు. మనిషి, సైకిల్ కలిపి 80 కిలోలు, 100 మీటర్ల ఎత్తు, 6 నిమిషాలు. mghని 360 సెకన్లతో భాగిస్తే సుమారు 218 వాట్లు. ఇది గురుత్వాకర్షణకి కట్టిన కప్పం మాత్రమే. గాలి, టైర్ల రాపిడి దీనికి అదనం. వెనక నుంచి గాలి తోయకుండానే మీటర్ 195 అంటే తప్పు దానిదే.

అసలు మీటర్ వాట్లని నేరుగా కొలవదు. క్రాంక్‌కో, స్పైడర్‌కో, పెడల్ ఇరుసుకో అతికించిన స్ట్రెయిన్ గేజ్‌లు లోహం ఎంత వంగిందో చెప్తాయి. ఫస్టియర్‌లో మనం విసుక్కుంటూ బ్యాలెన్స్ చేసిన వీట్‌స్టోన్ బ్రిడ్జ్ ఇక్కడ పనికొచ్చింది! దాని నుంచి టార్క్ వస్తుంది. టార్క్‌ని కోణీయ వేగంతో గుణిస్తే పవర్. కాబట్టి తప్పు టార్క్‌లో అయినా ఉండాలి, క్యాడెన్స్‌లో అయినా ఉండాలి.

టార్క్ తప్పులు రెండు జాతులు. ఒకటి సున్నా జరగడం. 1 న్యూటన్ మీటర్ జరిగితే 90 ఆర్‌పీఎం దగ్గర 9.4 వాట్ల తేడా. మెల్లగా తొక్కినా, ప్రాణం పెట్టి తొక్కినా అదే 9.4. రెండోది స్లోప్ తప్పడం. 3 శాతం తప్పితే 100 దగ్గర 3 వాట్లు, 300 దగ్గర 9 వాట్లు. రెంటికీ మందు వేరు. అందుకే ముందు ఏ జాతో తేల్చుకోవాలి. స్మార్ట్ ట్రైనర్ దొరికితే బాగా వేడెక్కనిచ్చి, 90 ఆర్‌పీఎం దగ్గరే ఉంచి 100, 200, 300 వాట్లు తొక్కి తేడాలు రాసుకోండి. తేడా కదలకపోతే సున్నా, పెరుగుతూ పోతే స్లోప్. ఒక్క మాట: చైన్‌లో కొంత పోతుంది కాబట్టి ట్రైనర్ రెండు మూడు శాతం తక్కువ చూపించడం సహజం. దాన్ని పట్టుకుని మీటర్‌ని తిట్టకండి.

సున్నా జరగడానికి పెద్ద కారణం ఎండ. ఏసీ గదిలోంచి తీసిన సైకిల్‌ని వెంటనే జీరో చేసి మే నెల రోడ్డెక్కితే క్రాంక్ వేడెక్కే కొద్దీ రీడింగ్ జరుగుతుంది. పావుగంట బయట ఉంచి, పెడల్ మీద కాలు లేకుండా అప్పుడు జీరో చేయాలి. యాప్ చూపించే ఆ సంఖ్యని రోజూ రాసుకోండి. సంఖ్య ఎంతన్నది ముఖ్యం కాదు. ఎప్పుడూ ఒక చోట ఉండేది ఉన్నట్టుండి ఎగిరిందంటే నీరు చేరిందో, బోల్టు వదులైందో చూడాలి.

స్లోప్ అయితే ముందు యాప్‌లో క్రాంక్ పొడవు చూడండి. పెడల్ మీటర్‌కి 175 మిల్లీమీటర్ల క్రాంక్‌ని 170 అని ఇస్తే దాదాపు 3 శాతం అక్కడే పోయింది. అది సరిగ్గానే ఉంటే బరువు పరీక్ష. జీరో చేసి, క్రాంక్‌ని నేలకి సమాంతరంగా పెట్టి, వెనక బ్రేకు బిగించి, పెడల్‌కి 20 కిలోలు వేలాడదీయాలి. 172.5 మిల్లీమీటర్ల క్రాంక్ మీద 33.8 న్యూటన్ మీటర్లు రావాలి. 33.1 వస్తే 2 శాతం తక్కువ. జిమ్ ప్లేట్ మీద రాసిన 20ని మాత్రం నమ్మొద్దు, మంచి కాటా మీద తూచండి.

ఎడమ పక్క మాత్రమే కొలిచే చవక మీటర్ల గొడవ వేరు. అవి ఎడమ కాలి లెక్కని రెండుతో గుణిస్తాయి. మీరు నిజంగా 250 తొక్కుతూ ఎడమ కాలు 48 శాతమే ఇస్తే 240 కనిపిస్తుంది. అలిసే కొద్దీ ఆ వాటా మారొచ్చు కూడా. ఏ కాలిబ్రేషనూ దీన్ని బాగుచేయదు. మీ ప్రాక్టీసుకి చాలు గానీ, ఆ అంకెతో ఫ్రెండ్‌తో పందెం వేసుకోకండి.

ఇక మధ్యలో 1500 వాట్లు అని ఎగిరి, మళ్లీ సున్నాకి పడుతుంటే అది టార్క్ గొడవ కాకపోవచ్చు. గతుకుల్లో క్యాడెన్స్ సెన్సర్ తడబడిందేమో చూడండి. అంతకన్నా ముందు బటన్ సెల్ మార్చండి, ఖర్చు తక్కువ.

ఇవన్నీ అయ్యాక కూడా తేడా మిగిలితే కంపెనీకి "తప్పు చూపిస్తోంది" అని రాయకండి. వేలాడదీసిన బరువు, క్రాంక్ పొడవు, రావాల్సిన టార్క్, వచ్చిన టార్క్, ఆ రోజు ఉష్ణోగ్రత, మూడేసి సార్లు కొలిచినవి పంపండి. "మళ్లీ జీరో చేసి చూడండి" అనే జవాబుకి అప్పుడు చోటుండదు.