కెప్టెన్ లేని ఓడలొస్తున్నాయ్.. మరి లైట్‌హౌస్‌ల సంగతేంటి? మన మత్స్యకారుల బోట్లు వాటికి కనిపిస్తాయా?

డ్రైవర్ లేని కార్ల గురించి విన్నాం, వీడియోల్లో చూశాం. ఇప్పుడు సముద్రంలో సిబ్బంది లేని ఓడల వంతు వచ్చింది. ఓడలు రెడీ అవుతున్నాయి సరే.. వాటికి దారి చూపే లైట్‌హౌస్‌లు, పోర్టు కంట్రోల్ రూమ్‌లు రెడీగా ఉన్నాయా? అసలు ప్రశ్న ఇదే.

ఇప్పటికి ఎక్కడిదాకా వచ్చారు?

నార్వేలో 'యారా బిర్క్‌లాండ్' అనే బ్యాటరీ ఓడ ఉంది. పొడవు 80 మీటర్లు. 20 అడుగుల కంటైనర్లు 120 వరకు మోస్తుంది. 2022 నుంచి ఎరువుల ఫ్యాక్టరీ సరుకును దగ్గర్లోని బ్రేవిక్ పోర్టుకు చేరవేస్తోంది. మొదట సిబ్బందితోనే నడిపి, మెల్లగా మెషీన్‌కు అప్పగించాలన్నది ప్లాన్. అదే ఏడాది జపాన్‌లో 'సుజాకు' అనే కంటైనర్ షిప్ రద్దీగా ఉండే టోక్యో బే మీదుగా, రానూపోనూ సుమారు 790 కిలోమీటర్లు ఆటోమేటిక్ సిస్టమ్‌తో తిరిగింది. ఇలాంటి ఓడలకు తప్పనిసరి రూల్స్‌ను 2032 జనవరి 1 నుంచి అమలు చేయాలని ఐక్యరాజ్యసమితి పరిధిలోని అంతర్జాతీయ మారిటైమ్ సంస్థ (ఐఎంఓ) టార్గెట్ పెట్టుకుంది.

మనిషికో భాష.. మెషీన్‌కో భాష

సముద్రంలో గుర్తులన్నీ మనిషి కంటి కోసం పెట్టినవే. మన దేశంలో పోర్టులోకి వచ్చే ఓడకు ఎడమవైపు ఎర్ర బోయాలు, కుడివైపు పచ్చ బోయాలు ఉంటాయి. బోయాలంటే నీళ్లమీద తేలుతూ దారి చూపే గుర్తులు. లైట్‌హౌస్ ఎన్ని సెకన్లకోసారి వెలుగుతుందో చూసి, అది ఏ ఊరిదో నావికుడు చెప్పేస్తాడు. కంటితో, చెవితో నిరంతరం కాపలా కాయాలన్నది అంతర్జాతీయ సముద్ర నిబంధనల్లోనే ఉంది.

మరి కెమెరాకు పొగమంచు అడ్డొస్తే? అందుకే బోయా తానెవరో, ఎక్కడుందో రేడియో సిగ్నల్‌గా పంపాలి. ఏఐఎస్ అనే సిస్టమ్‌తో ఇది ఇప్పటికే సాధ్యమవుతోంది. అసలు బోయానే లేకుండా, స్క్రీన్ మీద మాత్రమే కనిపించే 'వర్చువల్ బోయా' కూడా పెట్టొచ్చు. ఎక్కడైనా ఓడ మునిగితే, అక్కడికి నిజమైన బోయా తీసుకెళ్లేలోపే మిగతా ఓడలను ఇలా అలర్ట్ చేయొచ్చు.

కంట్రోల్ రూమ్ ఎవరితో మాట్లాడాలి?

ఇవాళ పోర్టుల దగ్గర ట్రాఫిక్ చూసే ఆపరేటర్ వీహెచ్‌ఎఫ్ రేడియోలో "మీరెటు తిరుగుతున్నారు?" అని అడుగుతాడు. అవతల కెప్టెన్ జవాబిస్తాడు. రేపు ఓడలో ఎవరూ లేకపోతే.. ఆ జవాబు ఒడ్డున ఎక్కడో ఉన్న రిమోట్ సెంటర్ నుంచి రావాలి. లేదంటే ఓడ తన రూట్‌ను నేరుగా డేటాగా పంపాలి. దీనికోసమే వీడీఈఎస్ అనే కొత్త డేటా రేడియో, ఎస్-100 అనే కొత్త తరం డిజిటల్ చార్టులు వస్తున్నాయి. అయితే ఒక్క రోజులో అన్ని ఓడలూ మారిపోవు. కొన్నేళ్లపాటు మనుషులున్న ఓడలు, లేని ఓడలు ఒకే దారిలో వెళ్తాయి. కంట్రోల్ రూమ్ రెండు భాషలూ మాట్లాడాలి.

జీపీఎస్ మోసం చేస్తే?

2025 మేలో ఎర్రసముద్రంలో, జెడ్డా దగ్గర ఎంఎస్‌సీ ఆంటోనియా అనే కంటైనర్ షిప్ లోతు తక్కువ చోట నేలకు తగిలి ఆగిపోయింది. జీపీఎస్‌కు ఎవరో అడ్డుతగలడమే కారణమని నిపుణులు అనుమానించారు. సిబ్బంది ఉన్న ఓడకే ఈ పరిస్థితి. జీపీఎస్ పోతే వర్చువల్ బోయా ఉన్నా ఓడకు తానెక్కడుందో తెలియదు. కాబట్టి పాత లైట్‌హౌస్, నిజమైన బోయా అవసరం తీరిపోలేదు. రాడార్‌తో, కెమెరాతో సరిచూసుకోవడానికి అవే దిక్కు.

మన తీరానికి దీంతో పనేంటి?

మన దేశంలో 1927 నాటి లైట్‌హౌస్ చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చింది. ఓడల ట్రాఫిక్ సర్వీసులు, వాటి సిబ్బంది ట్రైనింగ్ కూడా దాని పరిధిలోకి వచ్చాయి. అది మంచి మొదలే.

కానీ విశాఖ, కాకినాడ నుంచి వేటకెళ్లే చిన్న ఫైబర్ బోట్ల మాటేంటి? అంతర్జాతీయ రూట్లలో 300 టన్నేజ్ దాటిన ఓడలకు ఏఐఎస్ తప్పనిసరి. చిన్న బోట్లలో చాలావాటికి అది ఉండదు. రాడార్‌లోనూ ఫైబర్ బోటు సరిగ్గా పడదు. రాత్రిపూట వల వేసి కూర్చున్న మత్స్యకారుడు టార్చ్ ఊపితే కెప్టెన్ చూస్తాడు.. మరి మెషీన్ గుర్తుపడుతుందా?

లక్ష బోట్లకు ఇస్రో టెక్నాలజీతో ట్రాన్స్‌పాండర్లు పెట్టే కార్యక్రమాన్ని కేంద్రం 2024 ఆగస్టులో ప్రారంభించింది. ఇవి శాటిలైట్ ద్వారా బోటును ఒడ్డుతో కలుపుతాయి. ఆ సమాచారం పక్కనుంచి వెళ్లే ఓడ స్క్రీన్ మీదికీ చేరాలి. అప్పుడే బోటుకు అసలైన రక్షణ.

సింపుల్‌గా చెప్పాలంటే.. కెప్టెన్ లేని ఓడ రావడానికి ఇంకా టైముంది. ఆ ఓడకు మన బోటు కనిపించేలా చేయాల్సిన పని మాత్రం ఇప్పుడే మొదలుకావాలి.