మీకు తెలుసా? బ్యాలే పావడ కథ

నేడు బ్యాలే నర్తకి నడుముచుట్టు పళ్ళెమువలె విచ్చుకొని నిలుచు టూటూ అను పొట్టి పావడ ఆదినుండియు నట్లుండలేదు. 18వ శతాబ్దిలో పారిస్ నర్తకి మారీ కమార్గో, తన పాదముల చురుకుదనము ప్రేక్షకులకు కనబడవలెనని పావడ అంచును చీలమండల పైకి జరుపగా, చూచినవారు ముక్కున వ్రేలు వేసికొనిరి. 1832లో 'లా సిల్ఫిడ్' నృత్యనాటకమున మారీ తాలియోని ధరించిన తెల్లని పలుచని పావడ, పిక్కలవఱకు దిగి, మంచుతెరవలె తేలియాడి, ఒక యుగమునకే గుఱుతయ్యెను. అది మోకాళ్ళు దాటి పైకి పోయినది ఆ శతాబ్ది చివరిభాగముననే.

అయితే ఆ సౌందర్యమునకు చెల్లిన మూల్యము తలచిన గుండె చెఱువగును. రంగస్థలమున గ్యాసుదీపములు వెలుగు ఆ దినములలో, పొరలు పొరలుగా కుట్టిన సన్నని మస్లిన్ నిప్పు సోకిన చాలు, భగ్గుమనెడిది. పటిక మొదలగు లవణముల నీటిలో ముంచిన బట్ట సులభముగా నంటుకొనదని తెలిసియు, అది బిరుసెక్కి వన్నె మాయునని, తాలియోని ప్రియశిష్య ఎమ్మా లివ్రీ దానిని నిరాకరించెను. 1862 నవంబరు 15న పారిస్ ఆపెరాలో అభ్యాసము జరుగుచుండగా, ఆమె కుచ్చెళ్ళు సవరించుకొనునంతలో దీపజ్వాల అందుకొనెను. ఎనిమిది మాసములు యాతనపడి, 1863 జూలైలో నిండు యౌవనమున ఆమె కన్నుమూసెను. కాలగా మిగిలిన ఆ దుస్తుల పీలికలు నేటికిని పారిస్ ఆపెరా ప్రదర్శనశాలలో భద్రముగా నున్నవి.