అటుకమీది మోడెము

భోగికి ముందు ఇల్లు దులిపి పనికిరాని వస్తువులను బయట పడవేయుట మన యిండ్ల ఆచారము. మొన్నటి భోగికి ముందు అటుక దులుపుచుండగా పాతగుడ్డలో చుట్టియున్న చిన్న పెట్టె యొకటి దొరకెను. ముందువైపున వరుసగా చిన్న దీపములు, వెనుకవైపున తీగలు తగిలించు రంధ్రములు. పాతసామానులు కొనువాడు దానిని త్రాసులో వేయబోవుచుండగా మా అమ్మాయి చేతిలోనికి తీసికొని, "అమ్మా! ఇదేమి?" అని యడిగెను. "మోడెము. మీ మామయ్య యుత్తరములన్నియు దీనిలోనుండియే వచ్చెడివి" అంటిని. పెట్టె మరల లోపలికి వచ్చెను.

సోదరీమణులలో పిన్నవారికి ఈ వస్తువు తెలిసియుండదు గనుక కొంచెము వివరింతును. కంప్యూటరుది సున్న, ఒకటి అను రెండంకెల భాష. టెలిఫోను తీగయో మనుష్యకంఠమునకై యేర్పడినది. సుమారు 300 మొదలు 3,400 హెర్ట్జుల వరకు గల ధ్వనులనే మోయును. అంకెలను ధ్వనులుగా మార్చి తీగపై పంపుటయు, అవతలినుండి వచ్చు ధ్వనులను మరల అంకెలుగా మార్చుటయు మోడెము పని. 1962లో అమెరికాలో వెలసిన బెల్ 103 అను మోడెము సెకనుకు 300 బిట్లను పంపెను. 1981లో హేస్ సంస్థవారి స్మార్ట్‌మోడెము వచ్చెను. "ఏ.టి." అను రెండక్షరములతో ఆరంభమగు దాని యాజ్ఞలనే తరువాతి మోడెములును నేర్చుకొనెను. 1998 నాటి వి.90 ప్రమాణముతో వేగము 56,000 బిట్లకు చేరెను.

మన దేశమున 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ వారు ప్రజలకు ఇంటర్నెట్టు నొసగిరి. మేమప్పుడు చెన్నపట్నమున నుంటిమి. మా అన్నయ్య అమెరికాలో చదువుచుండెను. కాగితపు టుత్తరమునకు దినములు పట్టును. ఫోనులో మాటాడుదమన్న నిమిషమునకింత యని గుండె కొట్టుకొనును. అందుచే 1997లో ఈ పెట్టెను కొంటిమి. రాత్రి భోజనములైన పిదప నంబరు త్రిప్పించితిమా, అది కీచుమని, బుస్సుమని, గరగరలాడి, పిదప మౌనము వహించెడిది. ఆ మౌనమే శుభశకునము. ఆ సమయమున ఎవరైన ఫోనెత్తినచో సంబంధము తెగిపోయెడిది. తెలుగులిపి తెరపై కనబడుట ఆనాడు సామాన్యము కాదు. రైస్ విశ్వవిద్యాలయమున రూపొందిన ఆర్.టి.ఎస్. అను పద్ధతిలో, ఇంగ్లీషు అక్షరములతో అన్నయ్య తెలుగుత్తరము వ్రాసెడివాడు. నేను చదువుచుండగా అమ్మ వంటయింటి గడపకడ కూర్చుండి వినెడిది.

ఇక దానిని బ్రతికించిన విధము. మొదట చిక్కు తెచ్చినది కరెంటు అడాప్టరు. ఇంటనున్న దేనినైనను తగిలింపరాదు. కొన్ని మోడెములు డి.సి.ని గాక ఏ.సి.నే కోరును, పెట్టె యడుగున వ్రాసియున్న వోల్టులను, ఈ భేదమును చూచుకొనవలెను. తగినదానిని వెదకి తెచ్చుటకు మాకు వారము పట్టెను. నేటి కంప్యూటర్లకు పాత సీరియల్ రంధ్రము లేదు, యు.ఎస్.బి.నుండి సీరియలునకు మార్చు చిన్న తీగతో ఆ కొరత తీరెను. అమ్మాయి తెరపై "ఏ.టి." అని కొట్టగానే పెట్టె "ఓ.కే." అని బదులిచ్చెను. పాతికేండ్లకు పైగా పలుకని వస్తువు పలికినది!

కాని మా యింట ఇప్పుడు రాగితీగ టెలిఫోను లేదు. ఉన్నది గాజుతీగ ఇంటర్నెట్టు. అవతల జవాబు చెప్పుటకు మరియొక మోడెము కావలెను. మిత్రులయింట అట్టిదే యొకటి దొరికినది. దానిని రాస్‌ప్‌బెర్రీ పై అను చిన్న కంప్యూటరునకును, ఆ కంప్యూటరును ఇంటి ఇంటర్నెట్టునకును తగిలించితిమి. రెండు మోడెములకు నడుమ టెలిఫోను తీగ వేసి, ఆ తీగ దారిలో 9 వోల్టుల బ్యాటరీని, 400 ఓముల లోపు నిరోధకమును చేర్చితిమి; టెలిఫోను కార్యాలయమునుండి రావలసిన స్వల్పవిద్యుత్తునకు ఇది ప్రతినిధి. డయల్ ధ్వని లేదు గనుక దానికొరకు వేచియుండవలదని ఈ మోడెమునకు "ఏ.టి.ఎక్స్.1డి" అనియు, జవాబిమ్మని ఆ మోడెమునకు "ఏ.టి.ఏ." అనియు ఆజ్ఞలిచ్చితిమి.

కీచుమన్నది, బుస్సుమన్నది, గరగరలాడినది. పక్కగదిలో జపము చేసికొనుచున్న అమ్మ గోడపట్టుకొని వచ్చి, "పెద్దవాడి యుత్తరము వచ్చినదటే?" అని యడిగెను. మా యిద్దరికిని నోట మాట రాలేదు. అన్నయ్య వారమునకొకమారు తెరపై కనబడుచునే యున్నాడు. మాటలు పది నిమిషములలో ముగియును. వినికిడి తగ్గిన అమ్మకు అందులో సగము అందదు. ఉత్తరములు మానివేసి యెన్నియేండ్లాయెనో మేమెన్నడును లెక్కింపలేదు.

మా మోడెముల వేగము సెకనుకు 33,600 బిట్లు, అనగా 4,200 బైట్లు. బొమ్మలతో నిండిన 2 మెగాబైట్ల పుట యొకటి తెరచుటకు ఎనిమిది నిమిషములు పట్టును. యూనికోడులో తెలుగక్షరచిహ్న మొకటికి 3 బైట్లు; వేయి చిహ్నముల యుత్తరపు పాఠమునకు ఒక సెకనైనను పట్టదు. వేగము పెరిగినకొలది మనము పెంచుకొన్నది అలంకారముల బరువేగాని, ఉత్తరమునకు ఆ పాతదారియే చాలునని ఈ లెక్కవలన తెలిసికొంటిని.

దీనితో నిత్యావసరములు తీరునని నేను చెప్పను. అమెరికాలో ఏ.ఓ.ఎల్. సంస్థవారును 2025 సెప్టెంబరు 30వ తేదీన తమ డయల్-అప్ సేవను నిలిపివేసిరి. అయినను పాతవస్తువును త్రాసులో వేయుటకు ముందు, అది మన యింట ఏ పని చేసినదో, ఆ పని నేడెవరు చేయుచున్నారో యొక్కమారు తలంపుడు.

ఆ రాత్రియే అమ్మ చెప్పగా మా అమ్మాయి మామయ్యకు తెలుగులిపిలో ఉత్తరము వ్రాసి, ఆ మోడెముగుండ పంపెను. మరునాడు బదులు వచ్చెను. దానిని పెద్ద అక్షరములతో అచ్చు తీసి యిచ్చితిమి. ఇపుడది అమ్మ జపమాల సంచిలో నున్నది.