ఇంట్లో గలగల, అంగన్‌వాడీలో మౌనం

ఇంట్లో పులి, బయట పిల్లి అంటారు. పెద్దవాళ్లను ఎగతాళి చేయడానికి వాడే మాటే అయినా, మూడు నాలుగేళ్ల పిల్లల్లో కొందరి విషయంలో ఇది అక్షరాలా నిజం. నానీమా మీద పెత్తనం చేసే పిల్ల, తమ్ముడి చేతిలోంచి బొమ్మ లాక్కునే పిల్ల, వంటింట్లో అమ్మ కొంగు పట్టుకుని ప్రశ్నల మీద ప్రశ్నలు వేసే పిల్ల అంగన్‌వాడీ గడప దాటగానే నోటికి తాళం వేసుకుంటుంది. గోడకానుకుని కూర్చుంటుంది. పిలిస్తే పలకదు. కొన్ని వారాలు చూశాక టీచరమ్మ ఉండబట్టలేక "మీ పాపకు మాటలు రావా అమ్మా?" అని అడుగుతుంది. తల్లి నిర్ఘాంతపోతుంది. "మా పిల్లకా? ఇంట్లో దాని నోరు మూయించలేక చస్తున్నాం!" అంటుంది.

ఇద్దరు చెప్పిందీ నిజమే. ఒకరు చూసిన పిల్లను మరొకరు చూడలేదు, అంతే.

చుట్టుపక్కల వాళ్లు మాత్రం ఊరుకోరు. పెంకితనం అని ఒకరంటారు. గారాబం చేసి చెడగొట్టారని ఇంకొకరంటారు. నజర్ తగిలింది, ఊదించమని సలహా ఇచ్చేవారూ ఉంటారు. ఆడపిల్ల అయితే "ఎంత అణకువో!" అని మురిసిపోయేవారికీ కొదవలేదు. ఇన్ని మాటల్లో ఒక్కటి కూడా ఆ బిడ్డకు అక్కరకు రాదు.

కొందరు పిల్లలు పుట్టుకతోనే నెమ్మదస్తులు. న్యూయార్క్‌లో స్టెల్లా చెస్, అలెగ్జాండర్ థామస్ అనే వైద్య దంపతులు 1956లో ఒక పరిశోధన మొదలుపెట్టారు. పసిపిల్లలను ఎంచుకుని, వారు పెరిగి పెద్దవారయ్యే వరకూ గమనిస్తూ వచ్చారు. నూటికి సుమారు పదిహేను మంది కొత్త మనిషికీ, కొత్త చోటుకూ ఆలస్యంగా అలవాటుపడే స్వభావం కలవారని వారు తేల్చారు. ఆ తర్వాత హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో జెరోమ్ కాగన్ నాలుగు నెలల పసికందుల ముందు రంగురంగుల బొమ్మలు ఆడించి, కొత్త శబ్దాలు వినిపించి చూశారు. దాదాపు ఐదుగురిలో ఒకరు కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ ఏడ్చారు. పెరిగేకొద్దీ బిడియం ఎక్కువగా కనిపించింది ఈ పిల్లల్లోనే. అయితే అందరిలోనూ కాదు. ప్రతి చిన్నదానికీ అడ్డుపడి ఎత్తుకునే తల్లుల పిల్లల కంటే, మెల్లగా హద్దులు చెబుతూ కొత్తవాటికి అలవాటు చేసిన తల్లుల పిల్లల్లో బెదురు త్వరగా తగ్గిందని ఆ బృందం గమనించింది. అంటే స్వభావం పుట్టుకతో వచ్చినా, దాన్ని మలిచే పని చాలావరకు ఇంటి చేతిలోనే ఉందన్నమాట.

రెండు భాషల నడుమ

మన ఇళ్లకు వచ్చేసరికి మరో కారణం తోడవుతుంది. అది భాష. దూదేకుల కుటుంబాల్లో చాలావరకు ఇంటి మాట తెలుగే కాబట్టి ఆ పిల్లలకు ఈ చిక్కు ఉండదు. కానీ కర్నూలైనా, కడపైనా, గుంటూరైనా, నిజామాబాదైనా ఉర్దూ మాట్లాడే ఇంట్లో పుట్టిన బిడ్డ మూడేళ్లు నిండగానే తెలుగు అంగన్‌వాడీకి వెళ్తే ఏమవుతుంది? నిన్నటిదాకా "పానీ" అంటే గ్లాసు చేతికొచ్చేది. ఇవాళ అదే మాట అంటే పక్కపిల్లలు ముఖముఖాలు చూసుకుంటారు. ఒకడు నవ్వుతాడు. అంతే, ఆ బిడ్డ రెండోసారి అడగదు. మధ్యాహ్నం దాకా దాహంతోనే కూర్చుంటుంది. ఒంటికి వస్తే చెప్పే మాట తెలియక బట్టలు తడుపుకుంటుంది. పిల్లలు మళ్లీ నవ్వుతారు. మర్నాడు పొద్దున "కడుపు నొప్పి, నేను వెళ్లను" అని ఏడుస్తుంది. ఇంట్లో దీన్ని మొండితనం అంటున్నాం!

రెండో భాష నేర్చుకునే చిన్నపిల్లల్లో ఈ మౌనం మామూలే. అమెరికాలో పాటన్ టేబర్స్ అనే పరిశోధకురాలు 1997లో వెలువరించిన పుస్తకంలో దీన్ని వివరంగా చెప్పారు. పిల్లలు మొదట తమ ఇంటి భాషలోనే మాట్లాడి చూస్తారు. ఎవరికీ అర్థం కాదని తెలిశాక మాట మానేసి సైగలకు దిగుతారు. ఈ దశలో వారు ఊరికే కూర్చున్నట్టు కనిపించినా చెవులు మాత్రం పనిచేస్తూనే ఉంటాయి. తర్వాత ఒకటి రెండు ముక్కలు, పాటలోని పదాలు, "దా", "నాది", "వద్దు" వంటివి బయటపడతాయి. సొంతంగా వాక్యాలు కట్టేది ఆ తర్వాతే. ఇందుకు కొందరికి వారాలు చాలు, కొందరికి నెలలు పడుతుంది.

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు బడికి ముందరి చదువు చెప్పడం అంగన్‌వాడీల బాధ్యతల్లో ఒకటి. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన ఐసీడీఎస్ పథకం ఉద్దేశం అన్నం పెట్టడం ఒక్కటే కాదు. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా లెక్కించి, వీలైనంతవరకు ఇంటి భాషలో బోధన ఉండాలని చెప్పింది. కాగితం మీద మాట బాగానే ఉంది. గదినిండా పిల్లలతో, రిజిస్టర్లతో సతమతమయ్యే టీచరమ్మకు ఉర్దూ రాకపోతే ఆమెను నిందించి ప్రయోజనం లేదు. ఆమెకు మనమే సాయం చేయాలి.

ఇది పెద్ద పనేమీ కాదు. పంపే ముందే బిడ్డకు నాలుగు తెలుగు మాటలు అలవాటు చేయండి: నీళ్లు, ఆకలి, ఒంటికి, నొప్పి. ఇంట్లో ఆటగా అడిగించి, అడిగిన వెంటనే ఇవ్వండి. అలాగే చిన్న కాగితం మీద తెలుగు లిపిలో "పానీ అంటే నీళ్లు, భూక్ అంటే ఆకలి, పిషాబ్ అంటే ఒంటికి, దుఖ్‌రా అంటే నొప్పిగా ఉందని" రాసి టీచరమ్మకు, ఆయమ్మకు ఇవ్వండి. టీచరమ్మ నోట ఒక్కసారి "పానీ కావాలా?" అని వినిపిస్తే ఆ బిడ్డ ముఖంలో వచ్చే మార్పు చూడాలి! ఒక విషయం మాత్రం మరవకండి. తెలుగు త్వరగా రావాలని ఇంట్లో ఉర్దూ మానేయవద్దు. తల్లికి సరిగా రాని భాషలో తల్లీబిడ్డలు ముక్తసరిగా మాట్లాడుకోవడం కంటే, తల్లిభాషలో కడుపునిండా కబుర్లు చెప్పుకోవడమే మేలు. ఒక భాషలో కథ చెప్పగల పిల్లకు రెండో భాష తొందరగా పట్టుబడుతుంది.

హయా వేరు, బెదురు వేరు

ఇక ఆడపిల్లల సంగతి. మగపిల్లవాడు మాట్లాడకపోతే కంగారుపడి పదిమందినీ అడిగే ఇంట్లోనే ఆడపిల్ల మాట్లాడకపోతే సంతోషిస్తారు. "మా అమ్మాయికి హయా ఎక్కువ" అని గొప్పగా చెప్పుకుంటారు. హయా విశ్వాసంలో భాగమన్నది నిజమే. కానీ నాలుగేళ్ల పిల్ల దాహమేస్తే నీళ్లు అడగలేకపోవడం హయా కాదు, భయం. హజ్రత్ ఆయిషా (రజి) అన్సారీ స్త్రీలను మెచ్చుకున్న సంగతి హదీసుల్లో ఉంది. ధర్మం తెలుసుకునే విషయంలో సిగ్గు వారికి అడ్డురాలేదన్నదే ఆ మెచ్చుకోలుకు కారణం. ఎంతో సున్నితమైన విషయాలను సైతం వారు నేరుగా వచ్చి అడిగి తెలుసుకునేవారు. హయాకు నోరు మూసుకోవడంతో సంబంధం ఉంటే వారిని మెచ్చుకోవలసిన పనేముంది?

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. పెద్దవాళ్లు చెప్పకూడని మాట చెప్పినా, చేయకూడని పని చేసినా "వద్దు" అనలేని పిల్ల, ఇంటికొచ్చి అమ్మకు చెప్పలేని పిల్ల ఎవరికైనా సులువుగా దొరికిపోతుంది. చుట్టం బలవంతంగా ముద్దు పెట్టుకోబోతే బిడ్డ వెనక్కి జరిగిందనుకోండి. "తప్పు, మామూ కదా!" అని ముందుకు తోయకండి. సలాం చెబితే చాలు.

అతిథుల ముందు పరీక్ష

మన ఇళ్లలో మరో అలవాటు ఉంది. ఎవరైనా రాగానే "సూరా వినిపించు బేటీ", "ఏబీసీడీలు చెప్పు" అని బిడ్డను నడిమధ్యలో నిలబెడతాం. బిడ్డ అమ్మ వెనక దాక్కుంటుంది. "దీనికి సిగ్గండీ, ఎవరితోనూ మాట్లాడదు" అని మనమే తీర్పు చెప్పేస్తాం. పదిసార్లు విన్నాక అది బిడ్డకు రెండో పేరై కూర్చుంటుంది.

నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా జరిపే ఆచారం దక్కనులో చాలా కుటుంబాల్లో ఉంది. సరిగ్గా పిల్లలు అంగన్‌వాడీకి కొత్తగా అలవాటుపడే వయసు. పూలదండ, కొత్త బట్టలు, చుట్టూ యాభై ముఖాలు, వీడియో కెమెరా! నోరు పెగలకపోతే తల్లి పరువు పోయినట్టు బాధపడుతుంది. బిడ్డ స్వభావం తెలిసినవారు దీన్ని నలుగురి మధ్యే జరుపుకోవచ్చు. బిడ్డ అబ్బా ఒళ్లో కూర్చుని ఆయన చెవిలో చెబితే చెల్లదా? తర్వాత మిఠాయి పళ్లెం ఆ చేతికే ఇచ్చి పంచమనండి. నోటితో చేయలేని పరిచయం చేతులతో జరిగిపోతుంది.

పిల్లవాడితో ఎలా మాట కలపాలో చూడాలంటే అబూ ఉమైర్ ఉదంతం చాలు. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడతను. ఆడుకునే చిన్న పిట్ట ఒకటి అతనికి ఉండేది. ప్రవక్త (స) ఆ ఇంటికి వచ్చినప్పుడు ఆ పసివాణ్ని పేరుపెట్టి పిలిచి, పిట్ట సంగతి అడిగేవారు. పాఠం అప్పజెప్పమనలేదు. వాడి మనసులో ఉన్నదాని గురించే అడిగారు.

అబ్బాల వంతు కూడా ఉంది. బడికి దింపేటప్పుడు బిడ్డ కన్నుగప్పి జారుకోవద్దు. ఏడ్చినా సరే, ఎప్పుడొస్తారో చెప్పి వెళ్లాలి, చెప్పిన వేళకు రావాలి. సాయంత్రం కిరాణా కొట్టుకు తీసుకెళ్లి డబ్బు బిడ్డ చేత ఇప్పించండి. మొదట డబ్బు ఇస్తే చాలు. కొన్నాళ్లకు "బిస్కెట్ ప్యాకెట్" అని బిడ్డే అంటుంది. ఇంట్లో అంగన్‌వాడీ ఆట ఆడండి. బిడ్డే టీచరమ్మ, మీరు పిల్లలు. అక్కడ నోరు మెదపని పిల్ల ఇక్కడ టీచరమ్మ గొంతుతో సహా అనుకరిస్తుంటే, ఇన్నాళ్లూ ఎంత విన్నదో మీకే తెలుస్తుంది.

టీచరమ్మలు కూడా అందరి ముందు నిలబెట్టి పాడించే బదులు కోరస్‌లో కలపడం, పళ్లేలు పంచే పని ఇవ్వడం, కలుపుగోలు పిల్లను ఒక్కదాన్ని పక్కన కూర్చోబెట్టడం చేస్తే బెరుకు త్వరగా వదులుతుంది.

అన్ని మౌనాలూ బిడియం కాదు. ఇంట్లో కూడా వయసుకు తగ్గ మాటలు రాకపోయినా, వెనకనుంచి పిలిస్తే తిరగకపోయినా, తరచు చెవి కారుతున్నా ముందు వినికిడి పరీక్ష చేయించాలి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందం అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. ఆ రోజు ఎప్పుడో టీచరమ్మను అడిగి తెలుసుకుని బిడ్డను తప్పక పంపండి. ఇంట్లో ధారాళంగా మాట్లాడుతూ, భాష తెలిసి కూడా, చేరిన తొలి నెల పోను ఇంకా నెలల తరబడి బడిలో ఒక్క మాట కూడా అనలేని పిల్లలు కొద్దిమంది ఉంటారు. దీన్ని సెలెక్టివ్ మ్యూటిజం అంటారు. బిడ్డ కావాలనే మాట్లాడటం లేదన్న అర్థం వచ్చే పాత పేరును అమెరికా మానసిక వైద్యుల సంఘం 1994లో మార్చింది. 2013లో దీన్ని ఆందోళనకు సంబంధించిన రుగ్మతల్లో చేర్చింది. కొడితే, లంచం పెడితే పోయేది కాదు. పిల్లల మానసిక వైద్యుణ్ని కలవాలి. చిన్న వయసులోనే కలిస్తే ఫలితం బాగుంటుంది.

మిగిలిన పిల్లల్లో మాట ఒక్కసారిగా రాదు. ముందు పక్కపిల్ల చెవిలో గుసగుస. తర్వాత పాటలో పెదవుల కదలిక. ఒకరోజు, ఎవరూ అనుకోని వేళ, టీచరమ్మ కొంగు లాగి "నీళ్లు" అంటుంది. అప్పుడు "అబ్బో, మాట్లాడింది!" అని అందరినీ పిలిచి చప్పట్లు కొట్టిస్తే మళ్లీ వారం దాకా ఆ నోరు తెరుచుకోదు. గ్లాసు నింపి చేతికిచ్చి, టీచరమ్మ తన పని తాను చూసుకుంటే సరిపోతుంది.